మీ ప్రశ్న – మా జవాబు: జైలు నుంచి ఇంటికొచ్చే ఆడవాళ్ల గురించి

ఈ నెల ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద వచ్చాయి. మిగతావి వచ్చే నెలకు ఉంచి ఈ నాలుగింటికే జవాబులు రాస్తున్నాను. రాసినవాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

ప్రశ్న: మేడమ్, మా అక్క ఏడేళ్లుగా రాజమండ్రి మహిళా జైల్లో ఉంది. బావ రోజూ తాగొచ్చి కొట్టేవాడు. ఒక రాత్రి గొడవలో ఆయన చనిపోయాడు, అక్కకు యావజ్జీవ శిక్ష పడింది. ఇప్పుడు క్షమాభిక్ష మీద వదిలేవాళ్ల లిస్టులో తన పేరుందని చెప్పారు. పిల్లలిద్దరూ, అమ్మాయికి పద్నాలుగు, బాబుకి పదకొండు, వాళ్ల నానమ్మ దగ్గర ఉన్నారు. మా అమ్మానాన్న లేరు. అన్నయ్య అయితే దాని పేరు నా ఇంట్లో ఎత్తొద్దు అంటున్నాడు. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, అందుకని మా ఆయన "నాలుగు రోజులైతే సరే, తర్వాత ఎక్కడికి పంపుతావో చూసుకో" అన్నారు. అక్కని నేను వదిలెయ్యలేను. ఏం చెయ్యాలో తోచడం లేదు, రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు.
— ఒక చెల్లెలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, విడుదలకు ముందే అడిగారు కాబట్టి చెయ్యగలిగింది చాలా ఉంది. మొదట, వచ్చే ములాఖత్‌లో అక్కనే అడగండి, బయటికొచ్చాక ఎక్కడ ఉండాలనుకుంటున్నావు, ఏం పని చేద్దామనుకుంటున్నావు అని. ఏడేళ్లుగా లేవడం, తినడం, పడుకోవడం అన్నీ ఇంకొకరు చెప్పినట్టు చేసిన మనిషి తను. ఆమె గురించి మీరంతా కూర్చుని నిర్ణయం చేసేసి "ఇదిగో నీ చోటు" అని చూపిస్తే తను తల ఊపుతుంది గానీ, ఆ తల ఊపడాన్ని ఒప్పుకోవడం అనుకోకండి.

అదే రోజు జైలు అధికారుల దగ్గర కొన్ని కనుక్కోండి. ఆధార్ వాళ్ల దగ్గర ఉందా, ఇంట్లో ఉందా. జైల్లో చేసిన పనికి కూలి ఎంత జమయింది, విడుదల రోజు చేతికిస్తారా, బ్యాంకులో వేస్తారా. బీపీ, షుగర్, థైరాయిడ్, నిద్ర మాత్రలు ఏవైనా వాడుతుంటే డాక్టరు రాసిన కాగితాలు, కనీసం రెండు వారాల మందులు ఇమ్మని అడగండి. నిద్ర మాత్రలు, మనసుకు సంబంధించిన మందులు ఒక్కసారిగా ఆగిపోతే మనిషి అల్లాడిపోతుంది, ఇంట్లోవాళ్లేమో "వచ్చి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే గొడవ మొదలుపెట్టింది" అంటారు. ఆ మాట చాలా ఇళ్లల్లో విన్నాను, అందుకే మందుల సంగతి ఇంత గట్టిగా చెబుతున్నాను. తర్వాత ఎప్పుడైనా బాగా దిగులుగా ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

విడుదల రోజు గేటు దగ్గర మీరే ఉండండి. కాగితాలు తేలేసరికి సాయంత్రం అవ్వడం మామూలే, చీకటి పడ్డాక ఆడమనిషి ఒంటరిగా బస్టాండులో నిలబడే పరిస్థితి రానివ్వొద్దు. విడుదల ఉత్తర్వు అక్కడే చదవండి, లేదా ఎవరిచేతైనా చదివించుకోండి. అందులో షరతులు ఉంటాయి. 2020 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యావజ్జీవ శిక్ష పడిన 53 మంది ఆడవాళ్లను విడుదల చేసినప్పుడు కూడా బాండు రాయించుకుని, శిక్షాకాలం అయ్యేవరకు అప్పుడప్పుడు పోలీస్ స్టేషన్‌లో హాజరవ్వాలని పెట్టారు. మీ అక్క కాగితంలో అలాంటిదేదైనా ఉంటే ఆ తేదీలు గోడ మీద క్యాలెండర్లో రాసుకోండి, తోడుగా మీరు వెళ్లండి. షరతు తప్పితే విడుదలే రద్దయ్యే ప్రమాదం ఉంది.

ఇక మీ ఆయన అన్న నాలుగు రోజుల మాట. ఆయన్ని తిట్టడానికి నాకు మనసు రావడం లేదు, ఆడపిల్ల పెళ్లి భయం మన ఊళ్లల్లో నిజమైన భయమే. కానీ నాలుగు రోజుల్లో ఆధార్‌లో అడ్రసు కూడా మారదు. మూడు నెలలు అడగండి. ఆ మూడు నెలల్లో ఏమేం అవుతాయో విడమర్చి చెప్పండి: ఆధార్, బ్యాంకు ఖాతా, సచివాలయంలో రేషన్ కార్డు దరఖాస్తు, ఓటరు లిస్టులో పేరు (జైల్లో ఉన్నంతకాలమే ఓటు ఉండదు, బయటికొస్తే మళ్లీ ఉంటుంది), ఏదో ఒక పని, ఆ పనికి దగ్గర్లో ఒక గది. ఎప్పటిదాకా అన్నది తెలియకపోవడమే ఆయన్ని ఎక్కువ భయపెడుతోందని నాకనిపిస్తోంది. అప్పటికీ కుదరదంటే ఆ మాట అక్కకు జైల్లో ఉండగానే చెప్పండి, ఇంటికి తీసుకొచ్చి నెల తిరక్కుండా సామాను సర్దమనడం కంటే అది నయం. జైలు నుంచి విడుదలై, ఇంటివాళ్ల ఆదరణ లేని ఆడవాళ్లకు స్వధార్ గృహాల్లో చోటిచ్చేవాళ్లు, ఇప్పుడు వాటిని శక్తి సదన్‌లు అంటున్నారు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే మీ జిల్లాలో ఎక్కడుందో చెబుతారు. మీ వీధిలోనే ఒక గది అద్దెకు తీసుకుని, అన్నం మీ ఇంట్లో, పడక అక్కడ అన్నట్టు చేసినా తప్పులేదు. సంబంధం వాళ్లకు మాత్రం తాంబూలాలకు ముందే మీ నోటితో మీరే చెప్పెయ్యండి. దాచి పెళ్లి చేస్తే ఆ విషయం మీ అమ్మాయి మెడ మీద జీవితాంతం వేలాడుతుంది, విని వెనక్కి తగ్గేవాళ్లయితే ఇప్పుడే తగ్గనివ్వండి.

అన్నయ్య కోపం గురించి ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ నాన్నగారి పేరు మీద ఇల్లు గానీ పొలం గానీ ఉందా? ఉంటే అందులో మీ అక్కకు వాటా ఉంది, జైలుకెళ్లినందువల్ల అది పోదు. 2005 సవరణతో కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది, అప్పటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం కూడా లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. చనిపోయిన భర్త ఆస్తి సంగతి వేరు, హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ ప్రకారం హత్య చేసినవాళ్లకు హతుడి ఆస్తిలో వారసత్వం రాదు. అది పిల్లలకు, వాళ్ల నానమ్మకు చెందుతుంది. కాబట్టి అత్తింటి భూమి కోసం అక్క పోరాడటం వృథా, కానీ ఆ భూమిలో పిల్లల పేర్లు ఎక్కాయో లేదో మాత్రం చూసుకోవాలి. విడుదలై వచ్చిన వారంలోనే "ఇక్కడొక సంతకం పెట్టు" అంటూ ఎవరైనా కాగితం తెస్తే పెట్టొద్దని అక్కకు ఇప్పుడే చెప్పండి, ఎవరు తెచ్చినా సరే.

పిల్లల విషయం అన్నిటికన్నా కష్టం, దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. వాళ్ల నాన్న చనిపోయాడు, అందుకు కారణం అమ్మ అని ఏడేళ్లుగా నానమ్మ ఇంట్లో వింటూ పెరిగారు. బడి గేటు దగ్గర అక్క ఉన్నట్టుండి ఎదురుపడితే ఆ పిల్ల భయపడి పారిపోవచ్చు, అది అక్క తట్టుకోలేదు. ముందు మీరు వెళ్లండి, పిన్నిగా, పండక్కో పుట్టినరోజుకో. నానమ్మ కూడా కొడుకును పోగొట్టుకున్న తల్లే, ఆమె ముందు అక్క తరఫున వాదించకండి. పిల్లలు ఎలా చదువుతున్నారో అడిగి రండి. కొన్నాళ్లకు, పిల్లలు ఒప్పుకుంటే, మీ సమక్షంలో కలిపించండి. వాళ్లు అసలు చూడనివ్వకపోతే కలుసుకునే హక్కు కోసం ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వెయ్యొచ్చు. శిక్ష పడిందన్న ఒక్క కారణంతో తల్లికి తలుపులు మూసెయ్యరు, పిల్లలకు ఏది మంచిదన్నదే కోర్టు చూస్తుంది, ఆ వయసు పిల్లల్ని పిలిచి వాళ్ల మాట కూడా అడుగుతుంది. పిల్లల చదువుకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో నానమ్మ చేత దరఖాస్తు పెట్టించండి. ఆ పని మీరు దగ్గరుండి చేసిపెడితే రాకపోకలకు ఒక దారి ఏర్పడుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో పనిచేసే ఆమె కోడలికి ఒక కొట్లాట కేసులో బెయిల్ వచ్చి మూడు వారాలైంది. జామీను ఇచ్చేవాళ్లు లేక ఇంకా లోపలే ఉంది. నాకు సొంత ఇల్లుంది, నేను ఇస్తానంటే మా అబ్బాయి "ఆ అమ్మాయి పారిపోతే నువ్వు జైలుకెళ్తావు" అని భయపెడుతున్నాడు. నిజమేనా?
— వరంగల్ నుంచి ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: ఆ అమ్మాయి పారిపోయినంత మాత్రాన జైలుకెళ్లరండీ. వాయిదాలకు ఆమె రాకపోతే జామీనుదారుగా మీరు రాసిచ్చిన మొత్తం కట్టమని కోర్టు మీకు నోటీసు ఇస్తుంది, మీ రిస్కు ముఖ్యంగా ఆ డబ్బు. అది కట్టక, మీ ఆస్తి నుంచి కూడా వసూలు కాకపోతేనే ఆరు నెలల దాకా సివిల్ జైలు ఉండొచ్చు. అందుకని ఎంత మొత్తానికి రాస్తున్నారో చూసుకుని, ఆ మాత్రం నష్టం భరించగలననుకుంటేనే ఇవ్వండి. ఇచ్చాక ప్రతి వాయిదా తేదీ మీ దగ్గర కూడా రాసుకోండి.

మీరు ఇవ్వలేకపోయినా దారులున్నాయి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజెయ్యాలి, నెలలోపు పూచీకత్తు పెట్టలేకపోతే షరతులు తగ్గించవచ్చేమో కోర్టు తనంతట తానే చూడొచ్చు. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం పెట్టింది, బెయిల్‌కు, జరిమానా కట్టలేక ఉండిపోయినవాళ్లకు ఒక పరిమితి దాకా ప్రభుత్వమే కడుతుంది (2023లో ఆ పరిమితి బెయిల్‌కు 40,000, జరిమానాకు 25,000). మీరు రేపే జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి ఆ అమ్మాయి పేరు, కేసు నంబరు ఇచ్చి రండి, లేదా వాళ్ల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చెయ్యండి. ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టమే చెబుతోంది, ఆమె రెండు రకాలుగానూ అర్హురాలే. బెయిల్ వచ్చి కూడా జామీను లేక లోపల ఉండిపోవడం అన్యాయం, చంటిపిల్లలున్న ఆడమనిషి విషయంలో మరీను.

ప్రశ్న: విజయవాడలో నాకు చిన్న టైలరింగ్ యూనిట్ ఉంది. మూడు నెలల క్రితం చేరిన ఒకామె చాలా చక్కగా కుడుతుంది. పని చేసిన ఇంట్లో బంగారం పోయిన కేసులో జైలుకెళ్లానని, మిషను అక్కడే నేర్చుకున్నానని చేరేటప్పుడే నాకు చెప్పింది. ఇప్పుడు మిగతావాళ్లకు తెలిసిపోయింది, "ఆవిడుంటే మా పర్సులు ఎక్కడ పెట్టుకోవాలి" అని గుసగుసలు. ఉంచితే నాకు లీగల్‌గా ఇబ్బందా?
— ఒక యజమానురాలు

జవాబు: ఏ ఇబ్బందీ లేదు. జైలుకెళ్లొచ్చినవాళ్లను ఇలాంటి ప్రైవేటు కుట్టుపనిలో పెట్టుకోకూడదని ఏ చట్టమూ చెప్పదు. తెలంగాణ జైళ్ల శాఖ తన పెట్రోల్ బంకుల్లో విడుదలైనవాళ్లకు కూడా ఉద్యోగాలిస్తోంది, అంటే రోజూ లక్షల డబ్బు చేతులు మారే చోట. అడక్కుండానే నిజం చెప్పిన మనిషిని మీరు ఇప్పుడు తీసేస్తే, తర్వాత చేరే చోట ఆమె నోరు విప్పదు.

గుసగుసలకు ఒక్కసారి గట్టిగా చెప్పండి, ఆమె లేనప్పుడు. అందరి పర్సులకూ తాళం వేసుకునే అరలు పెట్టించండి, ఆమెకూ ఒకటి ఇవ్వండి. ఆమె ఒక్కదాని బ్యాగు వెతకడం, గల్లా ఉన్న గదిలోకి ఆమెను మాత్రమే రానివ్వకపోవడం లాంటివి వద్దు. ఆమె కేసు వివరాలు మీకు తెలుసు కాబట్టి మిగతావాళ్లు మిమ్మల్నే గుచ్చి గుచ్చి అడుగుతారు, చెప్పకండి. జీతం ఆమె ఖాతాలోనే వెయ్యండి, చేతికిస్తే ఇంటికెళ్లేసరికి లాక్కునే బంధువులు చాలామంది ఆడవాళ్లకు ఉన్నారు.

కేసు ఇంకా నడుస్తోందా అని అడగండి. నడుస్తుంటే వాయిదా రోజు సెలవు ఖాయంగా ఇవ్వండి, ఆర్డర్లు ఎంత ఒత్తిడిగా ఉన్నా సరే. పని పోతుందన్న భయంతో వాయిదా ఎగ్గొట్టి, నాన్ బెయిలబుల్ వారెంటు వచ్చి మళ్లీ లోపలికి వెళ్లిన ఆడవాళ్లున్నారు, అది కేవలం ఒక రోజు సెలవుతో ఆగిపోయే కష్టం. మీ వీధిలో ఎక్కడైనా దొంగతనం జరిగితే పోలీసులు మొదట ఆమె కోసమే రావచ్చు. అప్పుడు కంగారుపడకండి. ఆమె ఏయే రోజుల్లో, ఎన్ని గంటల వరకు మీ దగ్గర పనిలో ఉందో మీ హాజరు పుస్తకం చెబుతుంది, అది సరిగ్గా రాస్తూ ఉండండి. సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్లను స్టేషన్‌కు పిలవకూడదు, వాళ్లుండే చోటికే వచ్చి అడగాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్లను అరెస్టు చెయ్యకూడదు, తప్పనిసరైతే మహిళా పోలీసు ఉండాలి, ముందుగా మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. ఈ రెండూ మీకు తెలిసి ఉంటే ఆ రోజు ఆమె పక్కన మాట్లాడటానికి ఒకరుంటారు.

ప్రశ్న: అక్కా, మాది పాడేరు దగ్గర ఊరు. బస్సులో నా సీటు కింద గంజాయి బ్యాగు దొరికిందని నన్ను పట్టుకున్నారు. అది నాది కాదు. రెండేళ్లు విశాఖ జైల్లో ఉన్నాక నిర్దోషినని కోర్టు వదిలేసింది. ఇంటికొచ్చాక డ్వాక్రా సంఘంలో నా పేరు తీసేశామన్నారు, పాత లోను వాయిదాలు మాత్రం కట్టమంటున్నారు. ఊళ్లో అందరూ గంజాయి దాన్నే అంటున్నారు. అంగన్‌వాడీ ఆయా పోస్టుకు అప్లికేషన్ పెడదామంటే, కేసులున్నాయా అని అడుగుతారట, ఏం రాయాలి? పోయిన రెండేళ్లకు నాకు ఎవరైనా ఏమైనా ఇస్తారా?
— ఒక సోదరి, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: చెల్లీ, నీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే నీకు ఆశ పెట్టి తిప్పడం నాకిష్టం లేదు. నిర్దోషిగా బయటపడ్డవాళ్లకు పోయిన కాలానికి పరిహారం ఇచ్చే చట్టం మన దేశంలో లేదు. ఉండాలని లా కమిషన్ 2018లో సిఫార్సు చేసింది, అది అలాగే ఉండిపోయింది. పోలీసులు కావాలనే ఇరికించారనడానికి సాక్ష్యం ఉంటే కోర్టుకెళ్లే దారి ఉంది, దాని గురించి న్యాయసేవాధికార సంస్థ లాయరుతో ఒకసారి మాట్లాడు. దాని మీదే ఆశపెట్టుకుని మిగతా పనులు ఆపుకోకు. ఎక్కువ మొత్తంలో గంజాయి పట్టుబడ్డ కేసుల్లో చట్టమే బెయిల్‌ను చాలా కష్టం చేసింది, అందుకే ఏజెన్సీ నుంచి పేద ఆడవాళ్లు కేసు తేలేవరకు ఏళ్ల తరబడి లోపల ఉండిపోతున్నారు. సరుకు ఎవరిదో వాళ్లు మాత్రం దొరకరు.

నీకిప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం ఆ తీర్పు. నీ కేసు తీర్పిచ్చిన కోర్టులో కాపీల సెక్షన్‌కు వెళ్లి సర్టిఫైడ్ కాపీ తీసుకో, జిరాక్సులు ఓ పది తీయించు. ఒకటి సర్పంచుకు, ఒకటి సచివాలయంలో, ఒకటి గ్రామ సమాఖ్యకు ఇవ్వు. నిన్ను పట్టుకున్నప్పుడు పేపర్లో వేసిన విలేకరి మీ మండలంలోనే ఉంటాడు కదా, ఆయనకూ ఒకటి ఇచ్చి, నిర్దోషి అని తేలిన సంగతి కూడా వెయ్యమని అడుగు. వెయ్యకపోతే మళ్లీ వెళ్లి అడుగు, ఎవరినైనా తోడు తీసుకెళ్లి.

అప్లికేషన్లో ఎలా అడిగారో జాగ్రత్తగా చదువు. శిక్ష పడిందా అని అడిగితే లేదు అని రాయి, అది పూర్తి నిజం. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా అని అడిగితే అవును, ఫలానా కేసు, నిర్దోషిగా విడుదల, తీర్పు కాపీ జతచేశాను అని రాయి. సర్కారు ఉద్యోగాల్లో కేసు సంగతి దాచిపెట్టినందుకే తీసేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ దాచడం గురించే వివరంగా చెప్పింది, నిజం చెప్పినవాళ్ల విషయంలో కూడా తుది నిర్ణయం యజమానిదే గానీ, నిర్దోషిగా తేలిన సంగతిని వాళ్లు లెక్కలోకి తీసుకోవాలి. కాబట్టి దాచకు.

సంఘం విషయంలో నీకు న్యాయమైన పట్టు ఉంది. ఒక సభ్యురాలిని తీసెయ్యాలంటే మీటింగు పెట్టి మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయాలి. ఏ తేదీన రాశారో చూపించమని అడుగు. నువ్వు జైలుకెళ్లేదాకా కట్టిన పొదుపు డబ్బు నీదే, ఆ లెక్క కాగితం మీద రాసిమ్మను. పేరు తీసేసినా నువ్వు తీసుకున్న లోను బాకీ పోదు, కానీ లోను కట్టమంటూ సభ్యత్వం మాత్రం లేదనడం న్యాయం కాదు. ఈ మాట సంఘం లీడరుతో గొడవపడి చెప్పకు, గ్రామ సమాఖ్య మీటింగు రోజున అందరి ముందూ నెమ్మదిగా చెప్పు. వినకపోతే మండలంలో సంఘాల పనులు చూసే వెలుగు ఆఫీసుకు వెళ్లి అక్కడి అధికారి ఏపీఎంకు అర్జీ రాసివ్వు, అందిందని సంతకం తీసుకో. నువ్వు లేని రెండేళ్లకు వడ్డీ ఎంత వేశారో బ్యాంకు మేనేజరును కూడా అడుగు, తీర్పు కాపీ చూపించి వాయిదాలు మళ్లీ వేసుకునే వీలుందేమో కనుక్కో.

రాయడం ఇబ్బందైతే సచివాలయంలో ఉద్యోగి చేతో, టీచరు చేతో రాయించుకో. సమాఖ్య మీటింగులో ఏమన్నారో నాకు రాయి, వాళ్లు తీర్మానం చూపించకపోతే ఏపీఎంకు ఇవ్వాల్సిన అర్జీ ఎలా ఉండాలో నేనే రాసి పంపిస్తాను.